పడవ వాటం

తెలుగులో ‘వాటం’ అని ఒక మంచి మాట ఉంది. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అంటాము. మిద్దె వేసేటప్పుడు వాననీరు నిలవకుండా మేస్త్రీ ఒక పక్కకు వాటం పెడతాడు. లోకం ఎటు వీస్తే అటు పోయేవాణ్ణి గాలివాటపు మనిషి అంటాము. వస్తువైనా మనిషైనా, ఎవరూ తోయకపోయినా తనంతట తాను ఏ వైపుకు ఒరుగుతుందో చెప్పే మాట ఇది. నీటిమీద పడవ ఎలా కూర్చుంటుంది, ముక్కు ఎంత లేస్తుంది, ఏ పక్కకు వాలుతుంది అన్నదానికి ఇంగ్లీషువారు ‘ట్రిమ్’ అంటారు. దానికి సమానార్థకం కోసం నిఘంటువులు తిరగేసి నోరు తిరగని సమాసమొకటి తయారుచేయనక్కరలేదని నా అభిప్రాయం. పడవ వాటం అంటే చాలు. ఇంతకంటే మంచి మాట మీకెవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

ఇక విషయం. రేడియోతో నడిచే బొమ్మ పడవకు వాటం సరిచేయడం గురించి ఇంత పొడుగు వ్యాసం దేనికని మీరు అడగవచ్చు. నా వాదం ఇది: పడవ తేలుతుందా మునుగుతుందా అన్నది మన పిల్లలకు బడిలో చెబుతున్నాము, తేలే పడవ నిటారుగా ఉంటుందా, తిరగబడుతుందా అన్నది చెప్పడం లేదు. రెండవది మొదటిదానికంటే ప్రాణావసరమైన పాఠం. దానిని చేతితో నేర్పగల చవకైన సాధనం బొమ్మ పడవ. అంగడిలో దొరికే పడవలేమో, ఆ పాఠాన్ని ప్లాస్టిక్ మూత కింద పెట్టి సీలు వేసి మరీ అమ్ముతున్నారు.

మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. వాడి దగ్గర ఉన్న పడవ అరవై సెంటీమీటర్ల పొడవు, బ్యాటరీతో కలిపి దాదాపు రెండు కిలోలు. అడుగు ‘వి’ ఆకారంలో కోసుగా ఉంటుంది. ఇటువంటి పడవ నెమ్మదిగా పోయేటప్పుడు నీటిని తొలుచుకుంటూ పోతుంది. వేగం అందుకోగానే నీటిలోనుంచి లేచి, పైపొర మీద జారుతుంది. అంటే ఒకే పడవకు రెండు వాటాలు కావాలి: నిలకడగా ఉన్నప్పుడు ఒకటి, జారేటప్పుడు ఒకటి. చూడటానికి చిన్నదిగా కనిపించే ఈ ఆట నిజంగా మొదలయ్యేది ఇక్కడే.

మైపాడు దారిలో బకింగ్‌హాం కాలువ దగ్గర దానిని నీటిలో వదిలాము. సముద్రంలో అలల మీద వాటం చూడటం కుదరదు. పడవ తప్పేదో అల తప్పేదో తెలియదు. కాలువలోనైతే గాలి లేని ఉదయం పూట నీరు పళ్ళెంలో పోసినట్టుంటుంది. వేగం పెంచగానే పడవ డాల్ఫిన్ ఎగిరి మునిగినట్టు ముక్కు లేపుతూ, కొడుతూ, మళ్ళీ లేపుతూ పోయింది. గట్టుమీద వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన కాసేపు చూసి, “అబ్బయా, బరువంతా ఎనక బెట్టుకోని ముక్కు లేస్తాదని ఏడిస్తే ఎట్టా? కొంచెం ముందుకు జరుపు” అన్నాడు. “జరగదు తాతా, కంపెనీవాళ్ళు అతికించేసినారు” అన్నాడు మావాడు. “అతికిస్తే పీకు” అన్నాడాయన, వలనుంచి తలెత్తకుండానే.

పీకాము. ఆ తరువాత ఆరు ఆదివారాల పని ఉంది. తెలిసినంతవరకు వివరంగా రాస్తాను, ఆసక్తి లేనివారు ఈ నాలుగు పేరాలు దాటి వెళ్ళవచ్చు.

మొదటిది, బరువుల కేంద్రం. పడవను రెండు వేళ్ళమీద నిలబెట్టి, అది ఎక్కడ తూగుతుందో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. జారుడు పడవలకు ఆ గీత వెనుక అంచునుంచి మొత్తం పొడవులో మూడో వంతుకు కాస్త తక్కువ దూరంలో ఉండాలన్నది ఆటగాళ్ళ లెక్క. మావాడి అరవై సెంటీమీటర్ల పడవకు పద్దెనిమిది, ఇరవై మధ్యన. గీత వెనక్కి పోయినకొద్దీ ముక్కు తేలికై పడవ ఎగిరెగిరి పడుతుంది. గాలి అడుగున దూరితే వెల్లకిలా తిరగబడుతుంది. ముందుకు పోయినకొద్దీ ముక్కు నీటిలో గుచ్చుకుని, మలుపులో చుక్కాని మాట వినకుండా పక్కకు ఈడుస్తుంది. వీటిని సర్దడానికి కొత్త వస్తువేదీ కొననక్కరలేదు, బ్యాటరీయే అన్నిటికంటే బరువైనది, దానిని జరిపితే చాలు. అందుకే బ్యాటరీని అతికించి అమ్మడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

రెండవది, పంకా నెట్టే దిశ. పంకా ఇరుసును వెనుక వైపు కాస్త కిందికి వంచితే నెట్టుడు ముందుకూ పైకీ ఉంటుంది. పడవ వెనుక భాగం లేచి ముక్కు వంగుతుంది. పైకి వంచితే దీనికి తలకిందులు. ఒకటి రెండు డిగ్రీల తేడాకే పడవ స్వభావం మారిపోతుంది. వెనుక అంచుకు బిగించే చిన్న రేకు రెక్కలున్నాయి. అవి కిందికి వంగితే వెనుక భాగాన్ని లేపి ముక్కును అదుపులో పెడతాయి. మోటారు బోటు వెనుక కూర్చుని యంత్రాన్ని వాలుస్తూ ఎత్తుతూ ఉండే మనిషి చేసేది సరిగ్గా ఈ పనే.

మూడవది, పక్కవాటం. పంకా ఒక వైపుకు తిరిగితే పడవ దేహం ఎదురు వైపుకు తిరగబోతుంది. వెనుకనుంచి చూసినప్పుడు పంకా గడియారపు ముళ్ళ దిశలో తిరుగుతుంటే పడవ ఎడమ పక్కకు వాలుతుంది. బ్యాటరీని కుడివైపుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరపడమో, ఎడమ రెక్కను కాస్త దించి ఆ పక్కను లేపడమో మందు. నీటిలో నిలిచి ఉన్నప్పుడు చూస్తే పడవ కుడికి ఒరిగి వికారంగా కనిపిస్తుంది, వేగం అందుకోగానే నిటారవుతుంది. నిలిచి ఉన్నప్పటి అందం చూసుకుని తృప్తిపడేవారు ఎప్పటికీ దీనిని సరిచేయలేరు.

ఇక్కడ ఒక దురభ్యాసం గురించి చెప్పాలి. రేడియో పెట్టె మీద కూడా ‘ట్రిమ్’ అని ఒక మీట ఉంటుంది. పడవ ఎడమకు లాగుతోందనుకోండి, ఆ మీటను కుడికి తిప్పితే చుక్కాని శాశ్వతంగా కొంచెం వంకరగా నిలిచి పడవను తిన్నగా నడిపిస్తుంది. పంకా సహజంగా వెనుక భాగాన్ని పక్కకు నడిపించే కొద్దిపాటి లాగుడుకు ఇది సరైన మందే, కాదనను. కానీ బరువు వంకరగా ఉన్నా, ఇరుసు వంకరగా ఉన్నా అన్నిటికీ ఆ మీటనే తిప్పుతారు. వంకరగా నిలిచిన చుక్కాని నీటిని ఎప్పుడూ అడ్డుకుంటూనే ఉంటుంది, వేగం తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కుర్రవాడికి తన పడవలో దోషం ఎక్కడుందో తెలిసే దారి మూసుకుపోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చినదాన్ని రాసుకో, మళ్ళీ పరుగెత్తించు... మావాడు ఈ మూడు మాటలు తన నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్నాడు. వాడి లెక్కల పుస్తకానికి లేని గౌరవం దీనికి దక్కడం చూసి మా అక్కకు కొంచెం కష్టంగానే ఉంది.

రేడియో పడవ కొత్త వింత కాదు. నికోలా టెస్లా 1898లోనే న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక నీటి తొట్టిలో రేడియో తరంగాలతో పడవను నడిపి చూపించాడు. ఓడల నమూనాలతో అసలు ఓడలను అర్థం చేసుకోవడం అంతకంటే పాతది. విలియం ఫ్రౌడ్ 1870లలో ఇంగ్లండులోని టోర్కీ దగ్గర పొడుగాటి నీటి తొట్టి కట్టి, మైనపు నమూనాలను అందులో లాగి కొలతలు తీశాడు. అదే పద్ధతి మన విశాఖపట్నంలోనూ ఉంది; అక్కడి నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో యుద్ధనౌకల నమూనాలను లాగి చూసే తొట్టి పొడవు 500 మీటర్లు. అంటే పెద్దవాళ్ళు, జీతాలు తీసుకుంటూ, బొమ్మ పడవలకు వాటం చూస్తున్నారు. పిల్లవాడు చేస్తే మాత్రం దానికి కాలక్షేపమని పేరు.

ఇప్పుడు నాకు బాధ కలిగించే సంగతికి వస్తాను. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి జలాశయంలో ‘జలకన్యక’ అనే విహార నౌక తిరగబడి 45 మంది చనిపోయారు. గట్టు మీద అడవి జంతువులను చూద్దామని జనం ఒక పక్కకు చేరినప్పుడు నౌక ఒరిగింది. 2023 మే 7న అదే రాష్ట్రంలో తానూరు దగ్గర, చేపల పడవను మార్చి చేసిన రెండంతస్తుల బోటు తిరగబడి 22 మంది పోయారు. మన దగ్గర 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడినప్పుడు పోయినవారిలో ఎక్కువమంది ఒంగోలువారు, మనకు ఇరుగుపొరుగువారు. ప్రతిసారీ అనుమతి ఉందా, లైఫ్ జాకెట్లు ఇచ్చారా, ఎవరిని అరెస్టు చేశారు అన్న ప్రశ్నలు వస్తాయి. రావలసినవే. కానీ ఎక్కినవారిలో ఒక్కరికైనా ‘అందరమూ మేడమీదికి ఎక్కితే పడవ వాటం చెడుతుంది’ అని తోచి ఉంటే? ఆ మాట గట్టిగా అని ఉంటే? బస్సు పైకప్పు మీద ఎక్కితే ప్రమాదమని పల్లెటూరి పిల్లవాడికి కూడా తెలుసు. పడవ పైఅంతస్తు గురించి పట్టభద్రులకు కూడా తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. బడిలో ఆర్కిమెడీస్ సూత్రం చెబుతారు: పడవ ఎంత బరువో అంత నీటిని తొలగిస్తే తేలుతుంది. అక్కడితో పాఠం అయిపోతుంది. కానీ తేలే శక్తి పడవలో ఒక చోటినుంచి పైకి తోస్తుంది, బరువు మరొక చోటినుంచి కిందికి లాగుతుంది. పడవ ఒరిగినప్పుడు ఆ తోపు ఒరిగిన పక్కకు జరిగి, పడవను తిరిగి నిలబెట్టడానికి చూస్తుంది. బరువు మరీ పైన ఉంటే ఆ జరుగుడు సరిపోదు, నిలబెట్టవలసిన జంటే పడదోస్తుంది. ఈ హద్దును చెప్పే బిందువుకు పియరీ బూగే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1746లో అచ్చయిన తన నౌకాగ్రంథంలో పేరు పెట్టి లెక్క కట్టాడు. భూమి ఆకారం కొలవడానికి దక్షిణ అమెరికా కొండలకు వెళ్ళిన కాలంలో, సముద్రానికి ఎంతో ఎత్తున కూర్చుని ఆయన ఆ పుస్తకం రాశాడన్నది నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించే సంగతి.

ఆ లెక్కను మావాడు ఇంట్లో నీళ్ళ తొట్టిలో చేశాడు. రెండు కిలోల పడవ. వలకు కట్టే సీసపు గుళ్ళు యాభై గ్రాములు, మధ్యనుంచి పది సెంటీమీటర్లు పక్కకు జరిపాడు. దారానికి బరువు కట్టి వేలాడదీసిన గుండుసూది అయిదు డిగ్రీల ఒరుగు చూపించింది. యాభైని పదితో గుణించి, రెండువేలతోనూ, ఆ కోణపు టాంజెంటుతోనూ భాగిస్తే 2.9 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ వస్తుంది. బరువు కేంద్రానికీ బూగే బిందువుకూ మధ్యనున్న దూరం అదే, పడవ ప్రాణం అంతే. తరువాత బ్యాటరీని పడవ పైకప్పు మీద కట్టి అదే యాభై గ్రాములు జరిపితే, ఒరుగు రెట్టింపుకంటే ఎక్కువైంది. మూడో ప్రయోగంగా పడవ లోపల ఒక గ్లాసు నీళ్ళు పోశాడు. బరువు అడుగునే కదా, మేలే చేస్తుందనుకున్నాడు. నీళ్ళన్నీ ఒరిగిన పక్కకే పరుగెత్తి పడవను పండబెట్టాయి. అసలు ఓడలకు రేవులో చేసే ఒరుగు పరీక్ష కూడా ఇదే పద్ధతి, సీసపు గుళ్ళకు బదులు టన్నుల బరువులు, అంతే తేడా.

తెలిసి కూడా నోరు మెదపకపోతే ఏమవుతుందో స్వీడనువారి ‘వాసా’ చూపిస్తుంది. రేవులో ముప్పైమంది మనుషులను అటూ ఇటూ పరుగెత్తించి చూస్తే ఓడ విపరీతంగా ఊగింది. మూడు విడతలకే ఆపేశారు. అయినా 1628 ఆగస్టులో బయలుదేరింది, రెండు కిలోమీటర్లు కూడా పోకుండా మునిగింది.

“మా తీరంలో పిల్లలకు ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయి, బొమ్మలతో నేర్పాలా?” అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఇందులో సగమే నిజం. నెల్లూరు తీరపు పట్టపుపాళేలలో పాత తరానికి తెలిసినది తెప్ప. దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పకు లోపల అంటూ ఉండదు, నీరు నిండటానికి చోటే లేదు; పై నుంచి అల పోయినా సందుల్లోనుంచి జారిపోతుంది. దాని వాటం మనిషి మోకాళ్ళతో సరిచేస్తాడు, ముందుకు జరిగి, వెనక్కి జరిగి. ఒడ్డుకు వచ్చాక కట్లు విప్పి దుంగలను ఆరబెడతాడు, ఎందుకంటే తడిసిన దుంగ బరువెక్కి లోతుగా కూర్చుంటుంది. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత సహాయంగా వచ్చినవాటిలో ఫైబరు పడవలు చాలా ఉన్నాయి. తెప్పల స్థానం క్రమంగా అవే తీసుకున్నాయి. ఫైబరు పడవకు లోపల ఉంది, అందులో నీరూ చేపలూ అటూ ఇటూ పరుగెత్తుతాయి. వెనుక యంత్రం బరువు ఎప్పుడూ ఉంటుంది. తాత మోకాళ్ళకు తెలిసినది మనవడి పడవకు పూర్తిగా పనికిరాదు. పైగా ఆ మనవడు ఇప్పుడు నెల్లూరులో ఇంటర్మీడియట్ చదువుకుంటున్నాడు, సముద్రం మీదికి పోవడం లేదు. ఇక విహార పడవలు ఎక్కేవారంతా పైనాటివారే.

పులికాట్‌లోని ఇరకం దీవి సంగతి చూడండి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ వైపు తిరుపతి జిల్లాలో చేరింది గాని, అదంతా పాత నెల్లూరే. అక్కడివారికి తరతరాలుగా పడవ వినోదం కాదు, దారి. బియ్యం బస్తా, సైకిలు, బడిపిల్లలు, పెళ్ళివారు అందరూ ఒకే పడవలో. బస్తా ఎక్కడ వేయాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నది నడిపేవాడికి తెలుసు. కూర్చునేవాడికి కూడా కారణం తెలిసి ఉంటే నష్టమేమిటి?

ఇంకొక ఆక్షేపణ, ఖర్చు. రేడియో పడవ అందరూ కొనగలిగేది కాదు, నిజమే. అయితే పైన చెప్పిన ఒరుగు పరీక్షలో రేడియో ఎక్కడుంది? థర్మోకోలు ముక్కో, పాత నూనె డబ్బా సగానికి కోసినదో, ఒక తొట్టి, నాలుగు సీసపు గుళ్ళు చాలు. రేడియో కావలసింది పరుగులో వాటం చూడటానికి మాత్రమే. అది బడికి ఒకటి ఉంటే సరిపోతుంది. నెల్లూరులో ఎన్.సి.సి. నౌకావిభాగం ఉంది. ఆ విభాగపు పిల్లలకు ఓడ నమూనాలు చేయడం శిక్షణలో భాగం, అఖిల భారత నౌ సైనిక్ శిబిరంలో దానికి పోటీ కూడా ఉంది. పట్టణంలో కొందరికి అందుతున్న ఈ పని కోడూరు, ఇసకపల్లి, తూపిలిపాళెం బడులకు అందకూడదనే నియమం ఎక్కడా లేదు. అడిగేవారు లేరు, అంతే.

ఉప్పునీటి సంగతి చెప్పి ముగిస్తాను, ఇది మా తీరపు పిల్లలకే దక్కే వేడుక. స్వర్ణాల చెరువులో వాటం సరిచేసిన పడవ మైపాడు నీటిలో కాస్త పైకి తేలుతుంది, ఎందుకంటే సముద్రపు నీరు రెండున్నర శాతం బరువైనది. రెండు కిలోల పడవకు ఈ తేడా మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. అదే పది మీటర్లు నీటిలో మునిగే ఓడకు ఇరవై సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. అందుకే కృష్ణపట్నం వచ్చే ఓడల పక్కన మంచినీటికి ఒక గీత, ఉప్పునీటికి ఒక గీత వేరువేరుగా ఉంటాయి. పులికాట్ మరీ చిత్రం, వానల్లో మంచినీటికి దగ్గరగా వచ్చి, ఎండాకాలంలో కొన్నిచోట్ల సముద్రంకంటే ఉప్పగా మారుతుంది. అడ్డంగా కాక నిలువుగా తేలే సన్నటి గొట్టమైతే ఈ తేడాను కంటికి చూపిస్తుంది. ఇరవై సెంటీమీటర్లు మునిగే గొట్టానికి అయిదు మిల్లీమీటర్లు. మావాడు ఇప్పుడు దానిమీద ఉన్నాడు. ఉప్పునీటిలో నడిపిన ప్రతిసారీ మోటారును, ఇరుసును మంచినీటితో కడిగి నూనె పెట్టడం మరవకండి.

బ్యాటరీ ముందుకూ వెనక్కూ జరిగేలా పడవ అడుగున మేము అమర్చిన చెక్కగాడి కొలతలు నా దగ్గర ఉన్నాయి. అరవై సెంటీమీటర్ల పడవలకు సరిపోతుంది. కావలసినవారు అడిగితే పంపుతాను.